ఓడించేవాళ్ళు కావలెను

మా బీదరు ఆడపిల్లల కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు పేరు చెబితే హుమ్నాబాద్‌లో లారీలు ఆగిపోతాయి. వాళ్ళతో ఆడడానికి బయల్దేరిన ఒక కాలేజీ బస్సు మన్నాఏఖేళ్ళి దాకా వచ్చి, భయంతో అక్కడినుంచే వెనక్కి తిరిగిపోయింది. ఈ ముక్క నేను మా దుకాణమున్న గంజు బజారులో కనబడిన ప్రతివాడికీ చెప్పాను. నిజానికి ఆ బస్సు టైరు పంక్చరై ఆగింది. ఆ పిల్లలు అక్కడే మిర్చి బజ్జీలు తిని, ఆలస్యంగానైనా వచ్చారు, ఆడారు, చిత్తుగా ఓడి వెళ్ళారు. హుమ్నాబాద్ లారీలంటారా, అవి ఎలాగూ ఆగే ఉంటాయి.

ఈ ఏడు మా పిల్లలు ఒక్క ఆట కూడా ఓడలేదు. ఇందులో నేను కలిపిందేమీ లేదు. చుట్టుపక్కల కాలేజీలన్నిటినీ ఊడ్చేసి రాష్ట్రస్థాయి టోర్నమెంటుకు పోతున్నారు. కెప్టెన్ మా మనవరాలు, నా కొడుకు కూతురు. పొట్టిది, కానీ బంతి చేతికొస్తే ఎదుటివాళ్ళ చంకల కిందనుంచి కూడా దారి చేసుకుంటుంది. ఆ ఆట నా రక్తంలోంచి వచ్చిందని అందరికీ చెబుతుంటాను. చదువుకునే రోజుల్లో నేనూ ఆడాను మరి. ఒక్క ఆట ఆడాను. అందులో ఒకే ఒక్క బుట్ట వేశాను. అది మా వైపు రింగులో వేశాను.

ఎప్పుడూ గెలిచేవాళ్ళకు ఓడడం చేతకాదు. ఈ సంగతి నిరుడు టోర్నమెంటులో తెలిసింది. మొదటి ఆటలోనే అవతలి జట్టు ముందుకు పోయింది. మా పిల్లలు వెనకబడడం అదే మొదటిసారి. మా మనవరాలు బంతి చేతిలో పట్టుకుని, స్కోరు బోర్డు వైపు చూస్తూ నిలబడిపోయింది. పాస్ ఇవ్వదు, పరిగెత్తదు. ఎవరో వచ్చి బంతి లాక్కుపోయినా కదల్లేదు. మొదటి రోజే మూటాముల్లె సర్దుకుని వచ్చేశారు.

ఈసారి బయల్దేరడానికి ముందు, ఆటలు నేర్పే మేడం మా పప్పుల దుకాణానికి వచ్చింది. ఈ ఊరి పిల్లే. వాళ్ళ నాన్న నాకు దోస్తు, అందుకే నన్ను మామా అంటుంది.

"మామా, నాకు మొగోళ్ళు కావాలె," అంది.

కాటా దగ్గర నిలబడ్డ గిరాకీలు తలలు తిప్పారు.

"ఎందరు కావాలె బిడ్డా?" అన్నాను, కందిపప్పు ఎన్ని కిలోలని అడిగినంత మామూలుగా.

"ఓ ఏడుగురు. సిగ్గు షరం లేనోళ్ళు కావాలె."

"గంజుల షరం ఉన్నోడు దొరకడు గని, లేనోళ్ళకు కరువా?"

మేడం కూర్చుని విషయం చెప్పింది. పిల్లలకు వెనకబడడం అలవాటు చెయ్యాలి. ఓడించేవాళ్ళు కావాలి. మగపిల్లల కాలేజీ జట్టును పిలిస్తే వచ్చి ఓడిపోయారు. మరునాడు ఒకడికి మోకాలి నొప్పి, ఒకడికి పరీక్ష, ఇంకొకడికి నాయనమ్మ చచ్చిపోయింది. ఆ నాయనమ్మ నిన్ననే నా దుకాణంలో శనగపిండి కొనుక్కుపోయింది.

"ముసలోళ్ళయితె ఇజ్జత్ పోతదని పరేషాన్ కారు," అంది మేడం. "ఐదుగురి మీద ఏడుగురు ఆడుండ్రి. పట్టుకోండ్రి, గుంజుండ్రి. ఊదే సీటీ మీ దోస్తు, బట్టల దుకాణం భాయి చేతిల పెడత. స్కోరు నువ్వు రాయి. తూకంల నీ చెయ్యి జర ఒంగుతదంటరు గద, గా విద్య నా కోసం వాడు."

నలభై ఏళ్ళలో ఒక్క గ్రాము తేడా చెయ్యలేదని ఛాతీ కొట్టుకున్నాను. కరెంటు కాటా వచ్చిన తర్వాత అయితే నిజంగానే చెయ్యలేదు.

వెళ్ళేముందు మేడం గొంతు తగ్గించింది. "నీ మనవరాలికి చెప్పకు మామా. దానికి కాలేజీల ఇదే ఆఖరి సాలు. మళ్ళ గట్లనే బిగుసుకపోతె ఆ మన్నళ్ళి ఊరి పొడుగుపిల్లను కెప్టెన్ చేస్త. దీన్ని బెంచి మీద కూసోబెడత. నాకు ఇష్టమై కాదు."

అలా కోటలో పొద్దున నడిచే మా ముసలి గుంపు జట్టయింది. నేనూ భాయీ పోను మిగిలిన ఐదుగురు చాలక మా దుకాణం హమాలీలు ఇద్దరిని కలిపాం. క్వింటాలు బస్తాలు ఎత్తేవాళ్ళు కదా, రింగు కింద నిలబెడితే గోడలే. సీటీ మా బట్టల దుకాణం భాయి మెడలో వేలాడింది. నేను నల్లబోర్డు పక్కన కుర్చీ వేసుకున్నాను.

మొదటి సాయంత్రం పిల్లలు మమ్మల్ని చూసి పొట్టలు పట్టుకు నవ్వారు. ఒక పిల్ల మా వాళ్ళలో ఒకాయనను "తాతా, కట్టుడు పండ్లు తీసి జేబుల పెట్టుకో, పడతయ్" అంది. ఆయన నిజంగానే తీసి పెట్టుకున్నాడు. ఆట మొదలయ్యాక మేం బ్రహ్మాండంగా ఆడాం. అంటే, బంతి మా చేతికి రాలేదు. వాళ్ళు బుట్ట మీద బుట్ట వేస్తుంటే భాయి సీటీ ఊదుతున్నాడు. "ఫౌల్! ఏం ఫౌల్ అంటే, మీరు మస్తు జోరుగ ఉరుకుతున్రు, గదే ఫౌల్!" నేను వాళ్ళ బుట్టలు కొన్ని మరచిపోతూ, మా వాళ్ళు వెయ్యని బుట్టలు గుర్తు చేసుకుంటూ రాసుకుపోయాను. కాసేపటికి బోర్డు మీద పిల్లలు వెనకబడ్డారు.

మనవరాలు ఆట ఆపి నా మీదకు వచ్చింది. "తాతా! గిప్పుడే రెండు బుట్టలేసినం. ఏడ రాసినవ్?"

"ఏసిన్రా? నాకు కనపళ్ళే."

"కండ్లజోడు ఏడున్నది?"

"ఇంట్ల ఉన్నది. పోయి తెస్తవా?"

అది బోర్డు వైపు చూసింది. తర్వాత తన చేతికొచ్చిన బంతిని పట్టుకుని, నిరుడు నిలబడినట్టే నిలబడింది. ముసలాయన ఒకడు వచ్చి పెళ్ళిలో తాంబూలం తీసుకున్నంత నిదానంగా ఆ బంతి తీసుకున్నాడు.

రెండో రోజూ అంతే. ఇంట్లో నాతో మాటలు బందు. మా కోడలు చాయ్ గ్లాసు ఠక్కున పెట్టి, "పిల్ల అన్నం తింటలేదు. కంటి డాక్టర్ దగ్గరికి పో మామా, లేకుంటె ఆ కుర్చీ ఇడిచిపెట్టు" అంది. మేడం అయితే ఒక్కటే మాట చెప్పింది. "రేపొక్క దినం చూస్త."

ఆ మాట నాకు గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది. (మేం చేపలు తినం. తిననని ఇంట్లో అనుకుంటారు.) పొద్దున మనవరాలు గడప మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేను నోరు మూసుకుని లోపలికి పోవాలి. నోరు మూసుకోవడం నాకు ఎవరు నేర్పారు? మొత్తం చెప్పేశాను.

"అంటె అంత ఝూటా?"

"ఝూటానే బిడ్డా."

"ముసలి దొంగ!" అని నా బుగ్గ గిల్లి, రెండు చపాతీలు ఎక్కువ తిని పోయింది. మనవరాలి కష్టం తీర్చిన మహానుభావుడినని రోజంతా దుకాణంలో మీసం తిప్పుకున్నాను. నాకు మీసం లేదు.

సాయంత్రం అది నవ్వుతూ ఆడింది. భాయి సీటీ ఊదితే సలాం కొట్టింది. నేను వాళ్ళ స్కోరు ఎంత తగ్గిస్తే అంత చప్పట్లు కొట్టింది. మేడం ఆట ఆపి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"చెప్పినవ్ గద?"

"దేవుని మీద ఒట్టు, చెప్పలే."

"ఏ దేవుడు?"

అంత వివరంగా అడిగితే ఎవడైనా ఏం చేస్తాడు? "చెప్పిన," అన్నాను.

"ఉత్తుత్తి అని తెలిస్తె ఎవరికి భయమైతది మామా? టోర్నమెంటుల బోర్డు నీ చేతిల ఉంటదా?" అంది. నాకు అబద్ధం కూడా తట్టక, బోర్డు మీది లెక్కలు తుడవడం మొదలుపెట్టాను. మేడం మనవరాలిని పిలిచి నా పక్క బెంచి మీద కూర్చోబెట్టింది. "ఈడ కూసొని చూడు. ఓ భాయీ, ఫౌలయితేనే ఊదు. మామా, ఉన్నది ఉన్నట్టు రాయి."

ఆ రోజు మన్నళ్ళి పొడుగుపిల్ల పరీక్షకని రాలేదు. ఇప్పుడు కెప్టెన్ కూడా లేదు. మిగిలిన పిల్లలకు బంతి ఎవరికివ్వాలో తెలియడం లేదు. మా హమాలీలకు మాత్రం అప్పటికి ఆట కొంచెం పట్టుబడింది. చిన్నవాడు బస్తా లారీలోకి విసిరినట్టు బంతి విసిరితే, అది పోయి బుట్టలో పడింది. మళ్ళీ విసిరాడు, మళ్ళీ పడింది. మేం ముందుకు పోయాం. నిజంగా పోయాం.

మనవరాలు బెంచి అంచును రెండు చేతులా పట్టుకుంది. "తాతా, సరిగ్గ రాస్తున్నవా?"

"ఇయ్యాల సరిగ్గనే రాస్తున్న బిడ్డా. కష్టంగ ఉన్నది."

మా వాళ్ళు ఇంకో బుట్ట వేశారు. అది లేచి మేడం దగ్గరకు పోయింది. "నేను పోత మేడం."

"పోయి ఏం చేస్తవ్? బోర్డు చూసి నిలబడతవా?"

"ఏమో మేడం. నిలబడత కావచ్చు. పోనియ్యి."

మేడం తల ఊపింది. అది లోపలికి పోయి వేసిన మొదటి బంతి రింగుకు తగిలి బయట పడింది. రెండోది హమాలీ అరచేతికి తగిలి నా కుర్చీ కిందికి వచ్చింది. బంతి తీసుకోవడానికి వచ్చినప్పుడు తలెత్తితే బోర్డు మూరెడు దూరంలో ఉంది. కనబడే ఉంటుంది. చెయ్యి చాచి, "ఇయ్యి తాతా, జల్ది," అంది. అంతే. తర్వాత దాని గొంతే వినబడింది. "ఎడమకు పో! నువ్వు ఈడికి రా! ఇంకోటి, ఇంకోటి!" బుట్టలు పడ్డాయి, కొన్ని పోయాయి. స్కోరులో మాకు దగ్గరికి వచ్చారు, ఇంకా దగ్గరికి వచ్చారు. భాయి ఆఖరి సీటీ ఊదాడు.

ముప్ఫై పాయింట్ల తేడాతో గెలిచామని గంజులో చెప్పాను. గెలిచింది ఒక్క బుట్టతో. అదీ ఐదుగురి మీద ఏడుగురం. ఆ గెలుపు నిజమే కాబట్టి మా వాళ్ళు ఒకరినొకరు కావలించుకుని, నడుములు పట్టుకుపోయి విడిపోలేక ఇబ్బంది పడ్డారు. పిల్లలు నేల మీద కూలబడ్డారు. ఒక పిల్ల ఏడుస్తోంది. మనవరాలు చెమటతో, గీరుకుపోయిన మోచేత్తో మధ్యలో నిలబడి మా వైపు వేలు చూపించింది.

"ఏ ముసలోళ్ళు! ఏడికి పోతున్రు? ఇంకో ఆట ఆడాలె! హమాలీ అన్నా, నువ్వు గూడ!"

విజేతలందరం గేటు వైపు పరుగు తీశాం. పరుగంటే పరుగు కాదు, ఆ మోకాళ్ళతో ఎంత అయితే అంత. వెనకనుంచి మేడం గొంతు వినబడింది. మమ్మల్ని కాదు, నేల మీద కూర్చున్న పిల్లల్ని అంటోంది.

"కెప్టెన్ పిలుస్తాంది, వినపడ్తలేదా? లెవ్వుండ్రి!"