వెయ్యిన్ని తొమ్మిది చీనీ చెట్లు

ఇంతవరకు దొరికిన వాటిలోకెల్లా పెద్ద ప్రధాన సంఖ్య ఇదేనట తాతా, దాన్ని అచ్చు వేయాలంటే బీరువాలు చాలవట అని మొన్న మనవరాలు ఫోను చూపించి మురిసిపోతుంటే, బతుకంతా అనంతపురంలో లెక్కల పాఠాలు చెప్పుకున్న నేను ముఖం తిప్పుకున్నాను. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగం పోని ఆ మొండిజాతి నాకు ప్రధాన శత్రువు.

కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరిన కొత్తలో, తనకల్లు దగ్గరి మా చీనీతోటను, అంటే బత్తాయితోటను, పంచుకోవాలని నాయన, చిన్నాయన పట్టుబట్టారు. అప్పటికే ఒకరి గడప ఒకరు తొక్కడం లేదు. మా వైపు పద్ధతి మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది: పెద్దవాడు భాగాలు వేయాలి, చిన్నవాడు ముందుగా ఎంచుకోవాలి. కనుక ఒక్క చెట్టు తేడా వచ్చినా నష్టం నాయనకే. చెట్లేమో వెయ్యిన్ని తొమ్మిది. వరసల్లో ఒద్దికగా నిలబడ్డవి వెయ్యెనిమిది, బోరు పక్కన చెమ్మ తాగుతూ విరగకాసేది ఒకటి. ఇద్దరికీ సమంగా రాలేదు. మేనత్త తనకూ భాగం కావాలంది, మూడుకూ రాలేదు. చివరికి లెక్కల అయ్యవారిని గదా అని నన్ను పిలిపించారు.

బోరు గట్టున కూర్చుని ముప్పై ఒకటి దాకా భాగించి చూసి, ఈ సంఖ్యకు అంతకు మించి చూడనక్కరలేదని తెలిసిన గర్వంతో ఆపి, ఎంతమంది పంచుకున్నా ఇది సమంగా పోదు, ఒక్కరికైతేనే పోతుంది అని క్లాసులో చెప్పినట్టే చెప్పాను.

చిన్నాయన తువ్వాలు విదిలించి లేచాడు. "ఒక్కనికంటే ఎవనికప్పా? మీ నాయనకేనా? ఇంత సదువు సదివింది ఈ మాట చెప్పేదానికేనా?"

"అట్ల కాదు చిన్నాయనా. ఆ బోరుకాడి చెట్టొకటి దేవునికి వదిలితే ఇద్దరికి పోతాది, ముగ్గురికీ పోతాది" అన్నాను.

"అది మా నాయన నాటిన చెట్టు. దేవునికి గూడా ఇయ్యను" అన్నాడు నాయన.

"నేనూ ఆయన కొడుకునే" అన్నాడు చిన్నాయన. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు ఆడిన ఆఖరి మాట అదే.

తోట పంపకం కాలేదు. కనుక బోరు ఎండిన ఏడు, తమ్ముడి చెట్లకు నేనెందుకు నీళ్లు పట్టాలని నాయనా, అన్న చెట్లకు నేనెందుకని చిన్నాయనా కొత్త బోరు వేయించలేదు. చెట్లు ఒక్కొక్కటే ఎండి పొయ్యిలోకి పోతుంటే, మిగిలిన చెట్ల లెక్క ఇద్దరికీ పోయే సంఖ్యలు, ముగ్గురికీ పోయే సంఖ్యలు ఎన్నో దాటింది. ఏ ఒక్కదాని దగ్గరా ఎవరూ ఆగలేదు.

ఇప్పుడు తోట లేదు, పోట్లాడినవాళ్లూ లేరు. సున్నాను ఎంతమందికైనా సమంగా పంచవచ్చు. ఆ లెక్క చెప్పమని మాత్రం నన్నెవరూ పిలవలేదు.