పసుపు పూసిన క్యాసెట్టు

మా ముత్తాత పెనుకొండ చుట్టుపక్కల ఊళ్ళకు శిస్తు వసూలు చేసిన మనిషి. ఆయన గుర్రం వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. మా తాత హిందూపురం మార్కెట్టుకు చేరేదాకా బెల్లం వేలం మొదలయ్యేది కాదు. నాయన హయాంలో భూములు పోయాయి, బావులు పోయాయి, మాకోసం వేలం ఆపేవాళ్ళూ పోయారు. నా చేతికి వచ్చినవి ఒక పెంకుటిల్లు, తాత కొన్న తెల్ల కారు. జాలి కోసం చెప్పడం లేదు. మేము ఎవరిమో తెలియకపోతే, ఒక తీగముక్క దగ్గర నాకు అంత కోపం ఎందుకు వచ్చిందో అర్థం కాదు.

మా ఇంటి పెళ్ళికొడుకు ఊరు దాటేటప్పుడు పొలిమేరలో బండి ఆపుతారు. ఇంటికి పెద్ద అయిన ఆడమనిషి పాట పాడుతుంది. పాట ముగిశాకే చక్రం కదలాలి. ఆ పాట పూర్తిగా వచ్చిన చివరి మనిషి మా అవ్వ. ఆమె మంచం పట్టాక, అగ్గిపెట్టె అంత మ్యూజిక్ ప్లేయరులో ఆ పాటను రికార్డు చేశాను. మధ్యలో దగ్గు వచ్చింది. నేను ఆపబోతే, "ఆపొద్దు, పాడతా" అంది. ఆ మాట కూడా అందులో ఉంది. తమ్ముడి పెళ్ళి చూడకుండానే ఆమె పోయింది.

పెళ్ళి ధర్మవరంలో, పట్టుచీరలు నేసే వాళ్ళింట్లో. పొలిమేరలో అవ్వ పాట మోగాలి, అది మా కారులోనే మోగాలి అని నేను నిశ్చయించుకున్నాను. కానీ మా కారులో ఉన్నది నాయన పెట్టించిన క్యాసెట్ల డెక్కు. ప్లేయరుకు ఉన్నది ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రం ఒక్కటే. రెంటినీ కలిపించడానికి హిందూపురంలో కార్ల స్టీరియోలు బిగించే అంగడికి వెళ్ళాను.

అంగడివాడు డెక్కును గోటితో తట్టాడు. "దీన్ని పీకేద్దాం సార్. కొత్త సెట్టు పెడదాం. డాష్‌బోర్డు ఇంత కోయాల, అంతే."

"కోయడానికి వీల్లేదు. అది మా నాయన పెట్టించింది."

"మీ నాయన పెట్టించిండేది క్యాసెట్లకు సార్. క్యాసెట్లు యాడుండాయి ఇప్పుడు?"

బెంచీ మీద టీ తాగుతున్నవాడు అందుకున్నాడు. "పెద్దోళ్ళ కారప్పా. కోస్తే రక్తం వస్తాది."

మా తాత నడిచిన బజారులో ఆ మాట విని నేను నిలబడే ఉన్నాను. కూర్చోమని కుర్చీ చూపినా కూర్చోలేదు. చివరికి అంగడివాడు అటక మీది డబ్బాలోంచి క్యాసెట్టు ఆకారంలో ఉన్న వస్తువు ఒకటి తీశాడు. లోపల టేపు లేదు. అంచున ఒక తీగ తోకలా వేలాడుతోంది. క్యాసెట్టును డెక్కులోకి తోసి, తీగ కొసను ప్లేయరులో గుచ్చాడు. అవ్వ గొంతు స్పీకర్లలోంచి వచ్చింది. టీ తాగేవాడు గ్లాసు పక్కన పెట్టాడు.

"ఇదే ఆఖరుది సార్," అన్నాడు అంగడివాడు. "చెడితే నన్ను అడగొద్దు."

ప్రయాణం నాటి పొద్దున ఇస్త్రీ పంచె కట్టుకుని బయటికి వచ్చేసరికి నాయన చెల్లెలు, మా అత్త, కారుకు పూజ చేస్తోంది. చక్రాల కింద నిమ్మకాయలు, స్టీరింగుకు బొట్టు. సీటు మీద ఆ క్యాసెట్టు గడపలాగా పచ్చగా మెరుస్తోంది. రెండు వైపులా తడి పసుపు, దాని మీద కుంకుమ బొట్లు.

"ఇదేంది అత్తా?"

"కొత్త వస్తువు కదబ్బా. మీ అవ్వ పాట పాడేది. బొట్టు లేకుండా ఎట్ల పెడతావు?"

పంచె అంచుతో తుడిచాను. పైది వచ్చింది. కంతల్లోకి దిగినది రాలేదు. "పసుపు తుడస్తాండాడే, ఏం మనిషమ్మా" అని వెనక ఎవరో గొణిగారు.

పొలిమేరలో కారు ఆపాను. నా పక్కన తమ్ముడు, వెనక అత్త. మా వెనకే చిన్నాయన కొడుకు బండి ఆగింది. వాడు తన వాటా పొలం అమ్మి హిందూపురంలో బాడుగ బండ్లు తిప్పుతున్నాడు. ప్రతి బండి అద్దం మీదా మా ఇంటిపేరు, మెరిసే ఎర్ర అక్షరాల్లో.

క్యాసెట్టు తోశాను. పాట మొదటి మాట సగం వచ్చింది. డెక్కు కటకటలాడి క్యాసెట్టును బయటికి నెట్టేసింది. మళ్ళీ తోశాను, మళ్ళీ నెట్టింది. ఆ తర్వాత డెక్కు నోటి నుంచి పచ్చటి తడి కారింది.

చిన్నాయన కొడుకు కిటికీ దగ్గరికి వచ్చాడు. "నా బండిలో పెడదాం రా అన్నా. ఒక్క తీగ గుచ్చితే సరి."

"అవ్వ పాట బాడుగ బండిలో మోగదు."

"నాకూ అవ్వే కదన్నా. నన్నెత్తుకునేటప్పుడు బాడుగ తీసుకునిందా?"

వాడి బండిలో ఆడవాళ్ళు నవ్వారు. "పొలం అమ్ముకునేటప్పుడు గుర్తు రాలేదా అవ్వ?" అన్నాను.

"అమ్ముకున్నా కాబట్టే నాకు బండ్లుండాయి. నీకు డెక్కుండాది."

నేను జవాబు చెప్పేలోగా తమ్ముడు నా చేతిలోంచి ప్లేయరు తీసుకున్నాడు. "లగ్నం దాటిపోతాది అన్నా" అని, పెళ్ళిపంచె ఎత్తిపట్టుకుని దిగి, వాడి బండిలో ముందు సీటులో కూర్చున్నాడు. అత్త కూడా దిగింది.

పాట మోగింది. తలుపులన్నీ తెరిచి పెట్టారు. అత్త తనకు వచ్చిన చరణాలు గొంతు కలిపింది. "ఆపొద్దు, పాడతా" అన్న మాట దగ్గర అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేను స్టీరింగు మీది చేతులు తీయలేదు, దిగలేదు. పసుపు మీద కోపం, డెక్కు మీద కోపం. అవ్వ గొంతు వాడి బండిలో అంత స్పష్టంగా, పక్కనే కూర్చుని పాడినట్టు వినిపించిందే, దాని మీద అన్నింటికన్నా ఎక్కువ కోపం. అది ఇప్పటికీ తగ్గలేదు.

పాట అయిపోయింది. తమ్ముడు మా కారులోకి తిరిగి రాలేదు, అత్తా రాలేదు. వాడి బండి నన్ను దాటి ముందుకు పోయింది. చెన్నేకొత్తపల్లి దగ్గర హైవే దిగి ధర్మవరం చేరేదాకా నా కళ్ళ ముందు మా ఇంటిపేరు ఎర్ర అక్షరాల్లో ఊగుతూనే ఉంది. ఆడపెళ్ళివారు ముందొచ్చిన బండికి హారతి ఇచ్చారు. మా కారును జనరేటర్ లారీ వెనక పెట్టమన్నారు. పెట్టాను.

ఆ ఏడే కారును హిందూపురంలో పాత కార్లు విప్పి అమ్మేవాడికి అమ్మేశాను. డెక్కు పనిచేయదని దానికి విడిగా ధర కట్టలేదు.