చెంప మీది స్పిరిట్

మా గనిలోకి టోపీ దీపం లేకుండా దిగగలిగినవాణ్ని నేనొక్కణ్నే. నా మొహం ఎరుపుకే బొగ్గు మెరిసేది. సరే, ఇది కోతే. దీపం లేకుండా ఎవరినీ దిగనివ్వరు. ఎర్రబడ్డది ముక్కు, రెండు చెంపలు, అంతే. మంట మాత్రం నిజం.

తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు మాట. దవాఖానలో డాక్టరమ్మ దాని పేరు రొజేషియా అని చెప్పింది.

"ఈ తోలు దేన్నీ ఓర్వదు. స్పిరిట్ కలిపిన లోషన్లు, మెంథాల్, కర్పూరం, సెంటు సబ్బు, అన్నీ బంద్ చెయ్యాలె. ఉత్త నీళ్లు, వాసన లేని మెత్తటి సబ్బు చాలు. కండ్లు మండినయంటే మాత్రం జల్ది రా."

నేను వింటానా? బొగ్గు మసి మీద బతికినవాణ్ని, చురుక్కుమన్నదే మందని నా నమ్మకం. గడ్డం గీసుకోగానే ఘాటు లోషన్ చెంపలకు చరుచుకునేవాణ్ని. మంట పెరిగితే ఇంకాస్త. ఎరుపు మెల్లగా కళ్ల కిందికి పాకింది. అద్దం ముందుకు వెళ్లాలంటే బెదురు పుట్టేది.

ఒకనాడు మొదటి షిఫ్టు. గని ముందు లైన్లో ఉన్నాం, నా వెనక మా బామ్మర్ది. షిఫ్టు పని చూసుకునే ఓవర్‌మన్ నా దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చాడు.

"ఏం కాకా, పొద్దుగాల్నే గుడుంబనా?"

లైన్ నవ్వింది. ఆయన నవ్వలేదు. ఒక్కొక్కరి నవ్వూ ఆరిపోయింది. తాగి దిగినవాడు పక్కవాళ్లను కూడా చంపుతాడని అందరికీ తెలుసు. నా ముందువాడు అడుగు దూరం జరిగాడు. ఒక్క రిపోర్టు రాస్తే నౌకరీ పోయినట్టే.

"తాగలే సారూ, పిల్లల మీదొట్టు!"

"దవాఖానల చెప్పుకో. పో."

డాక్టరమ్మ నోరు తెరవమని వాసన చూసింది. తర్వాత మొహం దగ్గరికి వంగింది.

"వాసన నోట్ల లేదు, చెంప మీదున్నది. నీకేం చెప్పిన నేను?"

అలా నౌకరీ దక్కింది. లోషన్ వాసనకు మోసపోయి, ఏ పాపం ఎరుగనివాణ్ని ఆపారని ఇదంతా కథగా రాసుకుని మా బామ్మర్దికి చదివి వినిపించాను. వాడు చివరిదాకా విననే లేదు.

"గట్ల రాయకు బావా. వాసనకు గాదు నిన్ను ఆపింది. నీ కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయి. మెట్టు కానరాక రెండుసార్లు తూలినవ్. ఆపుమని ఓవర్‌మన్‌కు సైగ చేసింది నేనే. దిగినంక పైనుంచి బండ రాలితే నీకు కనబడునా?"