ముప్పై ఆరు, కొసరొకటి

ఎనభైల మధ్యలో, సివిల్ డిప్లొమా ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, గురజాలలోని మా ఇంటికి ముప్పై ఆరు నాపరాళ్లు కావాలని లెక్క వేసింది నేనే. ఒక్కో రాయి రెండడుగుల చదరం. ఇంటి ముందు వరసకు ఆరు చొప్పున ఆరు వరసలు పరిస్తే, సాయంత్రం నాన్న కుర్చీ వేసుకోవడానికి పన్నెండడుగుల చదరం వస్తుంది.

నిజానికి నాకు ముప్పై ఆరంటే ఇష్టం. ఒకటి నుంచి ఎనిమిది వరకు కూడినా అదే, ఆరును ఆరుతో గుణించినా అదే. ఇలా మెట్లుగానూ చదరంగానూ పేర్చగలిగిన సంఖ్యలు అరుదు. ఒకటి తర్వాత ఇదే. దీని తర్వాత పన్నెండు వందల ఇరవై ఐదు దాకా ఇంకొకటి లేదు.

ట్రాక్టర్ నుంచి దించి లెక్కపెడితే ముప్పై ఏడున్నాయి. రాళ్లు తెచ్చిన సాయిబు నవ్వాడు.

"కొసరయ్యా. దారిలో ఒకటి పగిలితే నన్నే గదా తిట్టేది!"

ఏదీ పగల్లేదు.

ఆ వారంలోనే అక్క పురిటికి వచ్చింది. కిందటేడు ఆమెకు గర్భం నిలవలేదు. ఈసారి ఇంట్లో అందరి చూపూ ఆమె అడుగుల మీదే. మాది నల్లరేగడి, చినుకు పడితే పెరట్లో కాలు నిలవదు. వంటింటి గడప నుంచి స్నానాల గదికి ముప్పై ఆరడుగులు. తొలకరి ఇవాళో రేపో అన్నట్టుంది.

"ఒరేయ్, ఆ రాళ్లు ముందు కాదు, ఎనక పరచరా" అంది అమ్మ.

"మరి చదరం?"

"చదరం మీద అది ఏడికి నడవాలిరా?"

కాగితం తీశాను. మూడు వరసలైతే ఇరవై నాలుగడుగుల దగ్గరే ఆగిపోతుంది. "ఒక్క వరస చాలమ్మా, పద్దెనిమిది రాళ్లతో అయిపోద్ది. మిగతావాటితో ముందు చిన్న చదరం ఏస్తా" అన్నాను.

"ఒక్క రాయి మీద ఇద్దరం ఎట్టా పడతాం? నేను దాని చెయ్యి పట్టుకోవద్దూ?"

రెండు వరసలు, వరసకు పద్దెనిమిది. ఇసుక పోసి పరుస్తుంటే అక్క గడప మీద కూర్చుని చూస్తోంది.

"రెండుకి పద్దెనిమిది, మూడుకి పన్నెండు, నాలుగుకి తొమ్మిది. ముప్పై ఆరుని భాగించేవాటికి అన్నిటికీ జతలున్నాయక్కా. ఆరొక్కటే తనకు తనే జత."

"ఆ మిగిలినదాని సంగతేంది?"

"ముప్పై ఏడు ప్రధాన సంఖ్య. రెండు వరసల్లో పెట్టినా, మూడింట్లో పెట్టినా ఒకటి మిగులుద్ది. దేంట్లోనూ ఒదగదు."

"అట్టా అనబాకరా, పాపం. సగం దారిలో పక్కన ఎయ్యి. ఆయాసమొస్తే పీట ఏసుకుని కూర్చుంటా."

తొమ్మిది జతలు దాటాక, పక్కనే దాన్ని పరిచాను.

ఇసుక సర్దుకునేలోపే వాన వచ్చింది. వెలిశాక అమ్మా అక్కా చేతులు పట్టుకుని బయల్దేరారు. ఏ రాయి కదులుతుందోనని నేను అతుకులే చూస్తున్నాను. ఏదీ కదల్లేదు. సగం దారిలో అక్క కూర్చుంది. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకున్నారు. నాకు వినబడలేదు.

శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది. పొద్దుటి ఎండ ఆ విడి రాయి మీద పడేది. అమ్మ అక్కడే పీట వేసుకుని, నీళ్లు దారి మీదికి పోకుండా పెరటి వైపు చాపిన కాళ్ల మీద పిల్లను పడుకోబెట్టి నీళ్లు పోసేది. ఆమె మడమలు మాత్రం బురదలో ఉండేవి.

"ఒరేయ్ ఇంజనీరూ, కాళ్లకి రాయి చాల్లా. ఇంకోటి తెచ్చిపెట్టు."

"ఆగమ్మా" అంది అక్క గడపలోంచి. "ముప్పై ఎనిమిదికి జతలున్నయ్యో లేదో చూసుకోనీ!"

పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. లెక్క చూసుకోకుండానే సైకిలు తీశాను.