రెండు రెట్ల అద్దం

మొన్న కళ్ళజోడు మార్పించుకోవడానికి రాజమండ్రి వెళ్ళాను. డాక్టరమ్మ నా ముక్కు మీద బరువైన చట్రం ఒకటి పెట్టి, అందులో ఒక అద్దం తీసి ఇంకొకటి వేస్తూ, "ఇది బాగుందా అండీ, ఇది బాగుందా?" అని అడుగుతోంది. ఎదురుగా గోడ మీద అక్షరాలు. యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలు కాబట్టి ఎంత చిన్నవైనా వాటిని వదలబుద్ధి కాదు నాకు. కింది వరస దాకా చదివేశాను గానీ, ఆ ప్రశ్నకి మాత్రం చట్రం తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. కంటికేదో అవుతుందని నేను భయపడుతున్నాననుకుంది ఆ అమ్మాయి. నాకు అలా అద్దాలు మార్చి మార్చి చూపించి, అదే ప్రశ్న అడిగిన మనిషి ఇంకొకరున్నారు. మా ఆయన. ఆయన అడిగింది నా చూపు కోసం కాదు, పిస్తోలుతో దుప్పిని కొట్టడం కోసం.

మాది భీమవరం దగ్గర పల్లె. వరిచేలు చేపల చెరువులుగా మారిపోతున్న రోజులవి. మా ఇళ్ళలో ఆడవాళ్ళకి అప్పటికింకా ఘోషా ఉండేది. నన్ను బడికి పంపలేదు, బజారు చూడనివ్వలేదు. ఇక భర్త అన్నగారి ఎదట పడటం, ఆయనతో మాట్లాడటం అసలే లేదు. బావగారి చెప్పుల చప్పుడు వినపడితే చాలు, చేతిలో పని అలాగే పట్టుకుని లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉన్నా, ఆయన ముఖం కంటే ఆయన చెప్పులే నాకు బాగా తెలుసు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు మామగారి రైఫిలు బావగారికీ, పొడుగు గొట్టం పిస్తోలు మా ఆయనకీ వచ్చాయి. ఆ రోజు భోజనాల దగ్గర బావగారు అందరి ముందూ, "చిన్నోడికి బొమ్మ దక్కిందిరా, ఆడుకుంటాడు" అన్నారట. మా ఆయన ఊరుకోలేదు. "రైఫిలుతో ఎవడైనా కొడతాడు. ఈ చలికాలం దీంతో దుప్పిని కొట్టి నీ ముందు పడేస్తాను చూడు" అన్నారట. వేట నేరమని అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. ఏడాదికోసారి రాజమండ్రి దాటి మన్యం అడవుల్లోకి మా వాళ్ళ జీపు వెళ్ళడమూ అందరికీ తెలుసు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆయనకి గొంతు దిగలేదు.

తెలిసినాయన ఒకరు హైదరాబాదు నుంచి పిస్తోలు మీద బిగించే దుర్భిణులు మూడు తెచ్చిపెట్టారు. మా ఆయన వాటిని స్కోపులనేవారు. ఒకటి ఉన్నదాన్ని రెండు రెట్లు చేసి చూపిస్తుంది, ఒకటి నాలుగు రెట్లు, ఒకటి ఏడు. వీటిలో ఏది ఉంచుకోవాలన్నదే ప్రశ్న. సాయంత్రం కాగానే పాలేర్లందరినీ ఏదో పని మీద పంపేసి, పెరట్లోకి నన్ను పిలిచేవారు. నన్నే ఎందుకు పిలుస్తున్నారో మొదట తెలియలేదు. ఇన్నేళ్ళకి నాతో ఆయనకో పని పడిందని సంతోషించాను కూడా. తలలో పువ్వులు పెట్టుకుని వెళ్ళాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. గోనెసంచిలో గడ్డి కూరి, వెదురు ముక్కలు కాళ్ళుగా గుచ్చి, ఇద్దరం కలిసి ఒక దుప్పిని చేశాం. అది దుప్పిలా లేదు, చూలు మేకలా ఉంది. దాన్ని కొబ్బరితోట చివర, చెరువు గట్టు కింద నిలబెట్టి, గుండె ఉండే చోట తెల్లగుడ్డ కుట్టాను. పిస్తోల్లో తూటాలు లేవు. చూడటం వరకే.

రెండు రెట్ల అద్దంలో దుప్పి చిన్నదిగానే ఉండి, చుట్టూ చెట్లూ గట్టూ అన్నీ కనిపించేవి. నాలుగులో అది నడిచి సగం దూరం వచ్చినట్టుండేది. ఏడులో గోనె పోగులు లెక్కపెట్టొచ్చు. కానీ చేతులు చాపి పట్టుకోవాలి కదా, కన్ను రవ్వంత పక్కకి జరిగితే అంతా నలుపే. ఆయన నేరుగా ఏడుతో మొదలుపెట్టారు. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి చాలాసేపు చూశారు.

"ఎగురుతోందేంటే ఇది?"

"గోనెసంచి కదండీ, ఎక్కడికి ఎగురుతుంది?"

"నీ మొహం! నువ్వు చూడు."

నేనూ అలాగే మోచేతులు ఆనించి చూశాను. కాస్త ఊగి నిలబడింది. తెల్లగుడ్డ మీద ఈగ వాలి ఉంది. అది కాళ్ళు రుద్దుకోవడం కూడా కనిపించింది.

"ఈగ వాలిందండీ."

"ఎగరట్లేదూ?"

"లేదండీ, ఇంకా గుడ్డ మీదే ఉంది."

"ఈగ కాదే, దుప్పి!"

"అదీ ఎగరట్లేదండీ."

ఆయన పిట్టగోడ పక్కన చతికిలబడ్డారు. అప్పుడు చూశాను ఆయన కుడిచేతిని. ఒళ్ళో పెట్టుకున్న చేతిలో బొటనవేలు, చూపుడువేలి మీద దేన్నో నలుపుతున్నట్టు ఆగకుండా కదులుతోంది. భోజనం దగ్గర పెరుగన్నం జారిపోవడం కొన్నాళ్ళుగా చూస్తూనే ఉన్నాను. మా మేనమామకి సరిగ్గా ఇలాగే మొదలైంది. వైద్యం లేకుండా ఏళ్ళ తరబడి మంచానికి అతుక్కుపోయి వెళ్ళిపోయాడాయన. పాలేర్లని ఎందుకు పంపేస్తున్నారో అప్పుడు అర్థమైంది. "మీ చెయ్యి ఒకసారి రాజమండ్రిలో చూపించుకుందామండీ" అన్నాను. "అద్దంలో లోపం ఉంటే చెయ్యేం చేస్తుంది?" అని కసిరి, ఏడుని పెట్టెలో పెట్టేశారు. నాలుగు రోజులు నాలుగుతో తంటాలు పడి, చివరికి రెండుని బిగించారు. అందులో దుప్పి కుదురుగా నిలబడింది. "ఇదీ అద్దమంటే! బాగుందా, ఇది బాగుందా?" అని చిన్నపిల్లాడిలా నావైపు తిరిగారు. ఆ అద్దం ఆయన వణుకుని తగ్గించలేదు. చూపించడం మానేసింది, అంతే. అది నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

తోడికోడలికి చెప్పాను. "మగవాళ్ళ వేటలో మనమెందుకే" అంది. ఇక ఆగలేక, జీపు బయల్దేరే ముందు రోజు బావగారూ వేట జట్టూ మా వసారాలో కూర్చుని ఉంటే, తలుపు వెనక నిలబడి నోరు విప్పాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది.

"బావగారూ, ఆయన చెయ్యి వణుకుతోందండి. వేట మానిపించి డాక్టరు దగ్గరికి పంపండి. మీరు చెబితే వింటారు."

బావగారు పెద్దగా నవ్వారు. "ఒరేయ్ తమ్ముడూ! మీ ఆవిడకి గొంతుందిరోయ్! నిన్ను వేటకి పంపొద్దని నాకు అర్జీ పెట్టుకుంటోంది. భయమైతే నువ్వే చెప్పొచ్చు కదరా, ఆవిణ్ణెందుకు పంపడం?"

వసారా అంతా నవ్వింది. మా ఆయన లోపలికొచ్చి నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశారు.

అడవిలో ఏం జరిగిందో జీపు డ్రైవరు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చెప్పాడు. తెల్లవారుతుండగా వాగు దగ్గర దుప్పి నిలబడి ఉందట. "ముందు చిన్నబాబుగారే కొట్టాలని పెద్దబాబుగారు పట్టుబట్టారండి" అన్నాడు. పేలింది. దుప్పి ముందుకాలు విరిగి వేలాడుతుంటే మూడు కాళ్ళ మీద లోయలోకి దిగిపోయింది. మధ్యాహ్నం దాకా వెతికినా దొరకలేదు. "దాని అరుపు మాత్రం చాలాసేపు వినబడిందండి" అన్నాడు. వచ్చాక మా ఆయన అందరితో ఒకటే మాట: "రెండు చాల్లేదు. నాలుగు పెట్టుకోవాల్సింది." మరుసటి చలికాలం జీపు మా గుమ్మం ముందు ఆగలేదు. ఆయన పెరట్లో కూర్చుని ఒక అద్దం విప్పి ఇంకొకటి బిగిస్తూనే ఉన్నారు. స్క్రూలు సందులో పడక నేల మీద దొర్లిపోయేవి. అవి ఏరివ్వడానికి మాత్రం నన్ను పిలవలేదు.

గ్లాసు ఎత్తలేని స్థితి వచ్చాక గానీ రాజమండ్రి బయల్దేరలేదు. డాక్టరు "ఎన్నాళ్ళనుంచి?" అంటే, "ఈమధ్యే, ఓ నెల్రోజులు" అన్నారాయన. "మూడేళ్ళండీ" అన్నాను నేను. అప్పుడే మందులు మొదలుపెట్టి ఉంటే ఈ మూడేళ్ళూ ఆయన చెయ్యి ఆయన మాట వినేదని చెప్పారు డాక్టరు. తర్వాత చాలాకాలం నేనే కలిపి తినిపించాను. చివరి రోజుల్లో బావగారు చూడటానికి వచ్చారు. ఘోషా అప్పటికి దానంతటదే పోయింది, నేను లోపలికి వెళ్ళలేదు. మంచం పక్కన కూర్చుని తలొంచుకుని అన్నారు, "వాడి చెయ్యి సంగతి నాకూ అప్పుడే తెలుసమ్మా. వాడే వచ్చి నా ముందు ఒప్పుకుంటాడని చూశాను."

నేను మా ఆయన మీద దుప్పటి సర్దాను. బావగారి మాట ఇక మా ఇద్దరిలో ఎవరికీ పనికొచ్చేది కాదు. మాకు మిగిలిన మంచి కాలం ఆ మూడేళ్ళే. అందులో ఒక అన్న తమ్ముడు ఓడిపోవాలని ఎదురుచూశాడు, ఆ తమ్ముడు చెయ్యి దాచుకున్నాడు, కాలం మాత్రం ఎవరి కోసమూ చూడకుండా తన పని తాను చేసుకుపోయింది.