పెళ్లిచూపుల పొద్దున టై రాడ్లు

ఇవాళ మెకానిక్ షెడ్డులో గ్రీజు వాసన తగలగానే మా పోదనూరు ఇంటి వాకిలి గుర్తొచ్చింది. కారును ఇంట్లోనే విప్పే నాయనలున్న వాళ్లారా, ఈ వాసన మీకూ గుర్తుందా?

మేనత్త పెళ్లిచూపుల రోజు పొద్దున్నే నాయన స్టీరింగ్‌ను ముందు చక్రాలతో కలిపే, అరిగిపోయిన టై రాడ్ ఎండ్లు మార్చారు. కొత్తవీ అన్నే చుట్లు బిగించాలి, కానీ పాతవి ఎన్ని చుట్లు తిప్పి తీశారో లెక్కపెట్టుకోలేదు. ముందు చక్రాలు చెరో దిక్కు తిరిగి నిలబడ్డాయి.

"ఒరే, ఒకటి అన్నూరుకీ ఒకటి మదురైకీ పోతాదా? స్టేషన్లో మాప్పిళ్లై వాళ్లు కాచుకోనుండారు. ఈ సంబంధమూ పోతాది!" అంది అవ్వ నాయనతో.

ఆ పెళ్లికొడుకు వాళ్లే ఆటోలో వచ్చేశారు. పెళ్లికొడుకు మా కారును చూసి, చొక్కా చేతులు మడిచి, అమ్మ పూలు కట్టే దారం అడిగి చక్రాలు ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడటానికి వెనక చక్రం నుంచి ముందు చక్రానికి బిగించి, కారు కిందికి దూరాడు. అత్త కాఫీ తెచ్చేసరికి బయట కనిపించింది రెండు కాళ్లే.

"మొహం చూడొద్దా, పాపా?" అంది అవ్వ.

"ఉండుమా, ముందు చక్రాలు నేరుగా రానీ" అంటూ అత్త కింద కూర్చుని స్పానర్ అందించింది.