చెయ్యెత్తింది దాలయ్య మావ

దెయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి వెళ్ళిపోయే రకం. మా ఆవిడ ఏదైనా చెప్పబోతే, ఆ దెయ్యానికి ఆధార్ కార్డు ఉందేమో కనుక్కోమని ఏడిపించేవాణ్ణి. ఇప్పుడైనా నమ్ముతున్నానని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. నా కిడ్నీలు పాడైపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళి, ఎడమ చేతికి రెండు సూదులు పెట్టించుకుని, పూటంతా మంచానికి అతుక్కుపోవాలి. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. మా ఉద్దానం ప్రాంతంలో ఈ జబ్బు ఎరగని ఊరు లేదు, అయినా ఎవరి మటుకు వాళ్ళం దాచుకుంటాం. తెలిస్తే ముందు జాలిపడతారు, తర్వాత మనిషిని లెక్కలోంచి తీసేస్తారు. ఆ జాలి అంటే నాకు ఒళ్ళు మంట.

నా ఎదురు మంచం దాలయ్య మావది. వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి రైతు. మాకు చుట్టరికమేమీ లేదు. అన్ని నెలలు ఎదురెదురుగా పడుకున్నాక వరసలు వాటంతటవే వచ్చేస్తాయి.

ప్రతి వారం విశాఖ నుంచి ఒక డాక్టరమ్మ ఆన్‌లైన్‌లో కిడ్నీ రోగుల తిండి గురించి చెప్పేది. వార్డు టీవీలో ఎవరైనా చూడొచ్చు. ప్రశ్న అడగాలంటే మాత్రం మన ఫోన్‌లోంచి చేరాలి. గోడకి అంటించిన కోడ్‌ని స్కాన్ చేసి, పేరూ ఊరూ కొట్టి, వాళ్ళు లోపలికి రానిచ్చేదాకా ఆగాలి. లోపలికి వెళ్ళాక మన మైకు వాళ్ళ చేతిలో ఉంటుంది. తెర మీద చెయ్యి గుర్తు నొక్కితే, వంతు వచ్చినప్పుడు వాళ్ళే తెరుస్తారు. ఇదంతా మావకి నేనే నేర్పాను. ఆయన గుర్తు నొక్కి ఊరుకోడు, బడిపిల్లాడిలా నిజం చెయ్యి కూడా ఎత్తేవాడు. "అమ్మా, ఇనబడతందేటి?" అని వార్డు అదిరేలా అరిచేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం.

మావ పోయాడు. దహనానికి నేనూ వెళ్ళాను. నెల దాటినా ఆ మంచం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

ఒక మధ్యాహ్నం జీడిపప్పు అసలు ముట్టుకోకూడదా అని అడుగుదామని నేను ఫోన్‌లో చేరాను. మొహాలు చూడందే డాక్టరమ్మకి మాట సాగదు, కెమెరాలు ఆన్ చెయ్యమంటుంది. మా గ్రామ సచివాలయంలో కూడా ఈ కార్యక్రమం తెర మీద వేస్తారు. అందుకని నా మొహం, వెనక తెల్ల గోడ తప్ప ఇంకేమీ పడకుండా ఫోను స్టాండుకి పెట్టాను. చూసినవాళ్ళు ఆఫీసులో కూర్చున్నాననుకోవాలి. ఒకవేళ ఫోను జారినా సూదులు కనబడకూడదని చేతి మీద తువ్వాలు కప్పాను. కప్పొద్దని సిస్టర్ పోరుతూనే ఉంటుంది. కెమెరా ఉన్న రోజున మాలో చాలామంది ఆవిడ చూడకుండా కప్పుకుంటాం.

కాసేపటికి నిద్ర ముంచుకొచ్చింది. పాఠం మహిమ అనుకున్నాను. తర్వాత ఒళ్ళు చల్లబడింది. చెయ్యి కింద తడి తగిలింది. సిస్టర్‌ని పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. ఆవిడ నాకు వీపు పెట్టి మరో మంచం దగ్గర ఉంది. టీవీ మోగుతోంది. మిషన్ ఎప్పటిలాగే తిరుగుతోంది, అలారం కొట్టలేదు.

ఫోన్‌లో నా మొహం సున్నం కొట్టినట్టుంది. నా పెదాలు కదలడం నాకే కనిపిస్తోంది. పక్కన మూసేసిన మైకు గుర్తు. చెయ్యి గుర్తు నొక్కుదామంటే కుడి చెయ్యి లేవడం లేదు. డాక్టరమ్మ, మా ఊరివాళ్ళు, అంతమంది కళ్ళ ముందే ఉన్నాను. నేను పోతున్నానని ఒక్కరికీ తెలియదు. అంత దిక్కులేనితనం పగవాడికి కూడా వద్దు.

అప్పుడు డాక్టరమ్మ, "దాలయ్య గారు చెయ్యెత్తారు. చెప్పండి" అంది.

టీవీలోంచీ నా ఫోన్‌లోంచీ ఒక్కసారే వచ్చింది ఆ గొంతు.

"అమ్మా, ఇనబడతందేటి? నా ఎదర మంచపోడి సేతి మీద తువ్వాలు తియ్యండర్రా. బేగి తియ్యండి."

సిస్టర్ ఖాళీ మంచం వైపు చూసింది, తర్వాత నా వైపు. పరుగున వచ్చి తువ్వాలు లాగింది. ఒక సూది ఊడిపోయి ఉంది. పరుపు నెత్తుటితో నానిపోయింది. ఆ కంగారులో ఫోను జారి, నా చెయ్యీ నెత్తురూ మా ఊరి తెర మీద పడ్డాయట. ఇన్నాళ్ళు దాచిందంతా క్షణంలో బయటపడిపోయింది. సాయంత్రానికి ఆటో నిండా మా ఊరివాళ్ళు దిగారు. వాళ్ళలో ముగ్గురు ఇదే జబ్బుకి మందులు మింగుతున్నారని ఆ రోజే తెలిసింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాణ్ణి కాదని డాక్టర్లు అన్నారు.

కోలుకున్నాక ఆరా తీశాను. డాక్టరమ్మ దగ్గర పనిచేసే అమ్మాయి, ఆ పేరుతో ఒకరు చేరిన మాట నిజమేనని, మైకు తానే తెరిచానని చెప్పింది. ఎవరో మావ గొంతు అనుకరించారనుకుందాం. కానీ నా కెమెరాలో పడింది మొహం ఒక్కటే. చేతి మీద తువ్వాలు ఉందని తెలియాలంటే ఆ ఎదురు మంచం మీద ఉండాలి.

మావ ఇంటికీ వెళ్ళాను. అత్త పెట్టెలోంచి ఆయన ఫోను తీసి చూపించింది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది, అసలు వెలగదు. "ఆయన పోయిన కాడి నించి ఎవులూ ముట్టుకోనేదు బావూ" అంది.

ఇక దాచలేక జరిగిందంతా చెప్పేశాను. భయపడుతుందనుకున్నాను, పడలేదు. ఆ ఫోనుని కొంగుతో తుడిచింది.

"మరి నానెలగున్నానో అడగనేదా?" అంది.